ఖద్రా పేరున వచ్చిన మెసేజ్‌లు

ఖద్రా అనే ఆడపిల్ల మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఉన్నవాడు నా కొడుకు జాబిర్.

వాడికి ముందు నాకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. మొదటివాడు నలభై రోజులు నిండకముందే పోయాడు. రెండోవాడు ఏడో నెలలో, ఒక పూట జ్వరంతో. ఇద్దరూ తెల్లగా, బొద్దుగా ఉండేవాళ్లు. చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడదీ "ఎంత ముద్దుగా ఉన్నాడే" అంది. ఆ మాటకి ముందు మాషా అల్లా అన్నవాళ్లెవరో, మరిచిపోయినవాళ్లెవరో నేను పట్టించుకోలేదు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. దిష్టి అంటే ముసలివాళ్ల మాట అనుకునేదాన్ని.

మూడో కాన్పులో మళ్లీ మగపిల్లాడని తెలియగానే మా అత్త మంత్రసాని నోటి మీద చెయ్యి పెట్టింది. తనే వాకిట్లోకి వెళ్లి, వీధంతా వినపడేలా "ఆడపిల్ల! ఖద్రా!" అని చెప్పింది. వారం తిరక్కుండా తన పాత చిరుగుల నల్ల గౌను నాకు తొడిగించి, పిల్లాణ్ణి నా ఒళ్లో కట్టించి, ఏడు ఇళ్ల గుమ్మాలు తిప్పింది. ప్రతి గుమ్మంలోనూ చేయి చాచి "ఈ బిడ్డ కోసం ఏదైనా వెయ్యండి" అనాలి. ఇచ్చినవాళ్లంతా మా ఎరికలోని వాళ్లే. ఒకరు గుప్పెడు గోధుమలు, ఒకరు ఒక నాణెం, ఒకరు ఉల్లిపాయ. అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ మీద చావుకి కన్ను పడదట. తర్వాత వాడి ఎడమ చెవి కుట్టించి నీలం పూస పెట్టాం. జుట్టు కత్తిరించలేదు. ఐదేళ్లు నిండాక మా ఊరి దర్గాలో షేక్ గారి ఉత్సవంలో తీయిస్తామని మొక్కుకున్నాం.

ఊళ్లో అందరికీ తెలుసు వాడు మగపిల్లాడని. తెలిసీ ఎవరూ నోరు జారరు. కాలవ గట్టున మగపిల్లల వరసలో నిలబడి ఉచ్చ పోస్తున్నప్పుడు కూడా "ఏమే ఖద్రా, జడ తడుస్తుంది జాగ్రత్త" అనేవాళ్లు. జాబిర్ అన్న పేరు పుట్టిన కాగితం మీద మాత్రమే ఉండేది. ఆ కాగితం నా పెట్టె అడుగున ఉండేది.

మూడేళ్లు దాటాక వాడు పరిగెత్తడం మానేశాడు. నాలుగడుగులు వేసి గొంతుక్కూర్చుని ఆయాసపడేవాడు. ఏడిస్తే పెదవులు వంకాయ రంగులోకి తిరిగేవి. అస్యూత్‌లోని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే గుండెలో రంధ్రం ఉందన్నారు. ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారి కూడా ఇరుకేనట. ఆరు నెలలకోసారి బయటి దేశం నుంచి డాక్టర్లు వచ్చి ఐదు రోజులుండి ఇలాంటి పిల్లలకి ఆపరేషన్లు చేసి వెళ్తారు. వాళ్లు చేసే పనికి డబ్బు తీసుకోరు. కాని లోపల పెట్టే సామానుకీ, తర్వాతి మంచం ఖర్చుకీ ముందే కట్టాలి. మా ఆయన షాజ్లీ కైరో పక్కన కొత్తగా కట్టే ఊళ్లో సిమెంటు మోస్తాడు. ఆయన రెండేళ్ల కూలీ పోగేసినా సగానికి రాదు.

ఇలాంటి పిల్లల కోసం చందాలు పోగుచేసే ఒక సంఘం సంగతి ఆసుపత్రివాళ్లే చెప్పారు. సంఘం నుంచి ఇనాస్ మేడమ్ మా ఇంటికి వచ్చిన రోజు రొట్టెల ముద్దలు ఎండలో పొంగుతున్నాయి. కోళ్లు ముట్టకుండా వాడు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. గులాబీ రంగు గౌను, రెండు జడలు, చెవికి పూస. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"అబ్బ, ఆ కళ్లేంటి! నీ పేరేంటి బంగారం?"

వాడు నా వైపు చూశాడు. కొత్తవాళ్లు పేరడిగితే అమ్మ వైపు చూడాలని నేర్పాను.

"ఖద్రా," అంది లోపల్నుంచి మా అత్త. "ముందు మాషా అల్లా అను తల్లీ. కళ్ల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు."

"మాషా అల్లా, వందసార్లు మాషా అల్లా," అని నవ్వుతూ చాప మీద కూర్చుంది మేడమ్. పట్నం మనిషి. మా వైపు పద్ధతులు ఆమెకి తెలియవు.

విషయం చెప్పింది. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం అస్యూత్‌లో పెళ్లిళ్లు చేసే ఒక పెద్ద హాల్లో కార్యక్రమం. ముగ్గురు పిల్లల వీడియోలు తెర మీద వేస్తారు. హాల్లో ఉన్నవాళ్లూ, ఇళ్లల్లో నెట్‌లో చూసేవాళ్లూ తమ ఫోన్లోంచి ఆ పిల్ల పేరు రాసి ఒక చిన్న నంబరుకి మెసేజ్ పంపితే చాలు. ఒక్కో మెసేజ్‌కి ఐదు పౌండ్లు వాళ్ల ఫోన్లో ఉన్న డబ్బులోంచి సంఘానికి వస్తాయి.

"ఏ పేరున వచ్చింది ఆ పేరుకే ఖర్చు పెడతాం. అది మా నియమం. అందుకే జనం నమ్ముతారు," అంది. "ఖద్రా... చిన్న పేరు, కొట్టడం తేలిక. బావుంది."

అప్పుడు చెప్పాల్సింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని ఆ తెర గురించి ఆలోచించాను. మా వీధిలో ఉన్న నలభై కళ్ల దగ్గర దాచిన పేరుని ఎన్ని వేల కళ్ల ముందు పరచాలి? ఒక్క కన్ను చెడ్డదైనా చాలు కదా. పేరేదైతేనేం, రంధ్రం ఉన్న గుండె అదే కదా అనుకున్నాను.

"పుట్టిన కాగితం ఒకటి కావాలి ఉమ్ ఖద్రా," అంది. ఖద్రా వాళ్లమ్మనైపోయాను.

"నకలు ఆసుపత్రిలో ఇచ్చాం మేడమ్. అసలుది తెచ్చిస్తాను."

"సరే, తొందరేం లేదు. ఆసుపత్రి ఫైలు నంబరు ఉందిగా."

ఆమె ఫోన్ తీసి వాణ్ణి వీడియో తీసింది. కర్ర పట్టుకుని కోడిని అదిలిస్తూ, నాలుగడుగులకే కూలబడి, మళ్లీ లేస్తూ. తీస్తూ తీస్తూ ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం షాజ్లీకి ఫోన్ చేసి చెప్పాను.

"ఏం చేస్తోంది నా కూతురు?" అన్నాడు. అది ఆయన రోజూ ఆడే పరాచికమే. ఆయనతో పనిచేసేవాళ్లు ఆయన్ని అబూ ఖద్రా, ఖద్రా వాళ్ల నాన్నా, అని ఏడిపిస్తారు.

"పేరు ఖద్రా అనే రాసుకున్నారు. ఏమన్నా అవుతుందంటారా?"

"ఏమవుతుందే? డబ్బుకి ఆడా మగా తెలుసా? ముందు ఆపరేషన్ అవనీ."

శుక్రవారం సంఘం వ్యాను వచ్చి మమ్మల్ని తీసుకెళ్లింది. దారిలో ఇనాస్ మేడమ్ కాగితం అడిగింది. మరిచిపోయానన్నాను. అది నా గౌను లోపలి జేబులోనే ఉంది. ఎందుకు తీసుకెళ్లానో, తీసుకెళ్లి ఎందుకు ఇవ్వలేదో నాకే తెలియదు.

హాలంతా తెల్ల ముసుగులు తొడిగిన కుర్చీలు. బల్లల మీద పళ్లరసం కప్పులు. వేదిక మీద గోడంత తెర. తెర మీద మూడు ఖాళీ గుండె బొమ్మలు, ఒక్కోదాని కింద ఒక్కో పేరు. మెసేజ్‌లు వచ్చేకొద్దీ బొమ్మ అడుగునుంచి ఎర్రగా నిండుతుంది. చేతులు కాలిన పిల్లాడిది ఒకటి, చెవులు వినపడని పిల్లది ఒకటి, ఖద్రాది ఒకటి. మెరిసే కోటు వేసుకున్నాయన మైకు పట్టుకుని మా పెళ్లిళ్లలో చదివింపులు చదివినట్టే చదివాడు.

"అబూతీగ్ మెడికల్ షాపు హాజీ గారు, ఖద్రాకి పది మెసేజ్‌లు! అల్లా మీ షాపుని చల్లగా చూడాలి, జబ్బులు మాత్రం రాకూడదు! మన్ఫలూత్ టీచరమ్మలు, నలుగురూ కలిపి ఇరవై! ఏమయ్యా మూడో బల్ల పెద్దమనుషులూ, మీ ఫోన్లు పడుకున్నాయా? ఆ పళ్లరసం ఊరికే ఇవ్వలేదు!"

జనం నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి.

నా పక్క కుర్చీలో ఒక ముసలమ్మ కూర్చుంది. నేనెవరో ఆమెకి తెలియదు. వాడు అప్పటికే మేడమ్ దగ్గర, వేదిక పక్కన ఉన్నాడు. ఆమె తన బొత్తాల ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నాకు అక్షరాలు ఆనవు బిడ్డా. ఆ పిల్ల పేరు కొట్టి పంపించు. ఆ జడల పిల్ల. నా మనవడు నిన్ననే డబ్బులేయించాడు దీంట్లో. ఎన్ని పోతాయో అన్నీ పోనీ."

ఐదో తరగతిలో బడి మానిపించాక నేను రాసింది తక్కువ. ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. ఖద్రా.

"సరిగ్గా కొట్టావా? వేరే పిల్లకి పోదుగా?"

"సరిగ్గానే కొట్టానమ్మా."

"ఎవరి కన్నబిడ్డో పాపం. వాళ్లమ్మకి నిద్రెట్లా పడుతుందో," అని నా చేతి మీద తట్టింది. మళ్లీ కొట్టమంది. ఏడుసార్లు పంపాక ఫోన్లో డబ్బు అయిపోయింది. నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను.

వేదిక మీద కోటాయన వాణ్ణి ఎత్తుకుని అడిగాడు. "ఖద్రా, పెద్దయ్యాక ఏమవుతావమ్మా?"

"మైక్రోబస్సు డ్రైవర్ని," అన్నాడు వాడు. "ముందు సీట్లో సిగరెట్లు పెట్టుకుంటా."

హాలు ఘొల్లుమంది. "ఇదీ మన దక్షిణాది సయీదీ పిల్లంటే! ఈ పిల్లని పెళ్లికూతురిగా చూడాలని ఎవరికుంది? చేతులెత్తకండి, ఫోన్లెత్తండి!"

మూడు గుండెల్లో ఖద్రాదే ముందు నిండింది. నిండి, అంచుల మీంచి ఎర్రరంగు కారినట్టు చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముసలమ్మ పెద్దగా కేక పెట్టి నాలుక ఆడిస్తూ శుభం పలికింది. మరుసటి వారం శనివారం డాక్టర్లు దిగుతారు. మా పిల్లాడి పేరు రెండో రోజు జాబితాలో ఉంది. ఆ ఒక్క మధ్యాహ్నం నేను భయపడలేదు. మళ్లీ అలాంటి మధ్యాహ్నం నాకు రాలేదు.

ఆదివారం పొద్దున కువైట్ నుంచి మామూన్ ఫోన్ చేశాడు. షాజ్లీ పినతండ్రి కొడుకు. పగలబడి నవ్వుతున్నాడు.

"వదినా, నెట్‌లో మనవాణ్ణి చూశానే! ఏం వేషం, ఏం వేషం! నేను కూడా కింద రాశాను, చూశారా?"

"ఏం రాశావు?"

"ఒరేయ్, ఇది మా షాజ్లీ అన్న కొడుకు రా, ఖద్రా ఏంటి ఖద్రా, జడలు తీయించిన రోజు చూడండి వీడి మగతనం అని. డబ్బులు కూడా పంపించా వదినా. ఇక్కణ్ణుంచి మెసేజ్ పోకపోతే మా తమ్ముడికి చెప్పి పంపించా."

వాడి మాటల్లో పిసరంత చెడు లేదు. మా ఊరివాళ్లెవరైనా చదివితే నవ్వుకుని ఊరుకునేవాళ్లు. చదివింది మా ఊరివాళ్లు కాదు. సాయంత్రానికి ఆ మాట ఫోన్ నుంచి ఫోన్‌కి పాకింది. మగపిల్లాడికి గౌను తొడిగి అడుక్కుంటున్నారన్నారు. ఖద్రా అనే పిల్లే లేదు, అంతా సంఘంవాళ్ల నాటకం అన్నారు. మా డబ్బు మాకివ్వండి అన్నారు.

సోమవారం ఇనాస్ మేడమ్ వచ్చింది. చాప మీద కూర్చోలేదు.

"ఆసుపత్రి ఫైలు తెప్పించి చూశాను. జాబిర్ అని ఉంది. ఇంతకీ వీడెవరు?"

నేను పెట్టె తెరిచి కాగితం తెచ్చిచ్చాను. ఆమె చదివింది. మా అత్త ఇద్దరు పిల్లల సంగతి, ఏడు గుమ్మాల సంగతి చెప్పింది. మేడమ్ తల పట్టుకుంది.

"నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది సబ్రీన్? నేనేమైనా పరాయిదాన్నా? ఇదే కథ వేదిక మీద చెప్పుంటే ఇంకో రెండు గుండెలు నిండేవి. ఇప్పుడు నన్ను దొంగ అంటున్నారు. మా అమ్మకి ఫోన్ చేసి మరీ అంటున్నారు."

"తప్పయింది మేడమ్."

"సర్కారువాళ్లు వచ్చి ఆ మెసేజ్‌ల డబ్బు ఆపేశారు. ఖద్రా పేరున వచ్చింది ఖద్రాకే పెట్టాలి. ఖద్రా లేదు. విడిపించాలంటే ఒకటే దారి. నువ్వు కాగితం పట్టుకుని, వీడి అసలు పేరు, ఎందుకు దాచావో వీడియోలో చెప్పాలి. ఆడపిల్ల వేషం తీసేయాలి. జనం ఒప్పుకున్నారని చూపిస్తే పేరు మార్చి రాసిస్తారు. ఇవాళే చేద్దాం. శనివారానికి ఎంతో లేదు."

"కుదరదు," అంది మా అత్త. "ఇంతకుముందు వేల కళ్లు చూశాయి. కాని వాళ్లు చూసింది లేని పిల్లని. ఇప్పుడు ఉన్నవాణ్ణి చూపిస్తారా? అదీ కోపంగా ఉన్న కళ్లకి?"

"పెద్దమ్మా, దిష్టి కాదు, గుండె జబ్బు!"

"ఇద్దర్ని నా చేతులతో పూడ్చాను తల్లీ. నువ్వెంతమందిని పూడ్చావు?"

మేడమ్ నా వైపు చూసింది. నేను వాడి వైపు చూశాను. వాడు గుమ్మంలో కూర్చుని చెప్పులో ఇసుక పోసుకుంటున్నాడు. ఆ కోపంగా ఉన్న కళ్లన్నీ వాడి మీదే ఉన్నట్టనిపించింది. "రేపు చెప్తాను మేడమ్," అన్నాను.

షాజ్లీ ఫోన్లో అరిచాడు. "చెప్పెయ్యవే! ఆ కాగితం మొహాన పట్టుకుని చెప్పెయ్! అమ్మ మాట వినకు!" ఆయన దూరంగా ఉన్నాడు. రెండుసార్లూ బిడ్డ చల్లబడ్డది నా ఒళ్లోనే.

మంగళవారం రేపన్నాను. బుధవారం మేడమ్ రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బుధవారం సాయంత్రం వాడు నీళ్ల కుండ దగ్గరికి వెళ్లబోయి, మధ్యలో కూలబడి, పెదవులు నల్లబడి, చాలాసేపటికిగాని తేరుకోలేదు. మా అత్త గోడకి తిరిగి కూర్చుని, నాకేసి చూడకుండా అంది.

"నీ కొడుకు. నీ ఇష్టం."

గురువారం పొద్దున మంగలిని పిలిపించాను. జడలు రెండూ ఒడిలో వేసుకుని వాడు మంగలిని "ఇవి మళ్లీ అతికిస్తావా?" అని అడిగాడు. చెవి పూస తీశాను. షాజ్లీ పాత గళ్ల చొక్కా చిన్నది చేసి తొడిగాను. మేడమ్ ఫోన్ నా ఎదురుగా పట్టుకుంది. కాగితం దానివైపు తిప్పి పట్టుకున్నాను.

"నా పేరు సబ్రీన్. వీడు నా కొడుకు. వీడి పేరు జాబిర్ షాజ్లీ అబ్దుర్రహీమ్," అన్నాను. పుట్టినప్పట్నుంచి వాడి పేరు నేను గట్టిగా పలకడం అదే మొదటిసారి. ఆ తర్వాత చనిపోయిన ఇద్దరి పేర్లూ చెప్పాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. "మోసం కాదు. భయం. క్షమించండి," అన్నాను.

వాడు నా మోకాలు లాగి, "అమ్మా, జాబిర్ ఎవరు?" అని అడిగాడు. అది కూడా వీడియోలో పడింది.

జనం క్షమించారు. అది చెప్పాలి. తిట్టినవాళ్లే తిరిగి రాశారు. మా అమ్మమ్మ కూడా మా మావయ్యకి ఇలాగే చేసిందని ఎక్కడెక్కడివాళ్లో రాశారు. జాబిర్ పేరున మళ్లీ మెసేజ్‌లు మొదలయ్యాయి, ముందుకన్నా ఎక్కువ. కాని సర్కారు ముద్ర పడేదాకా ఆ డబ్బూ చేతికి రాదు. నన్ను శిక్షించాలని ఎవరూ అనుకోలేదు. శుక్ర, శనివారాలు ఆఫీసులకి సెలవు. ఆదివారం కాగితం లోపలికి వెళ్లింది. ముద్ర వేసే ఆయన మంగళవారానికి గాని రాలేదు. ఆసుపత్రిలో మా రెండో రోజు దాటిపోయింది. డబ్బు కట్టినవాళ్ల పిల్లలు లోపలికి వెళ్లారు. నేను వాణ్ణి వరండాలో ఒళ్లో పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను, ఏమో పిలుస్తారేమోనని. బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఇనాస్ మేడమ్ కాగితం చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ పొద్దున్నే చివరి ఆపరేషన్ చేసేసి, డాక్టర్లు తమ పెట్టెలు వ్యాను ఎక్కిస్తున్నారు. వాళ్లలో ఒకామె, వయసు మీరినావిడ, వాడి వేలి గోళ్లు చూసి, మేడమ్‌తో ఏదో అంది. మేడమ్ నాకు మెత్తగా చెప్పింది. "ఆరు నెలల తర్వాత మొదటి రోజు మొదటి పేరు వీడిదే అంటోంది."

నాలుగో నెలలో పోయాడు.

ఎండ ముదరకముందే బయల్దేరాం ఆ రోజు. ఆయాసం ఎక్కువైంది. మైక్రోబస్సులో ఎవరో లేచి చోటిచ్చారు. ఆసుపత్రి గేటు కనపడుతుండగా "నీళ్లు" అన్నాడు. సీసా మూత బిగుసుకుపోయింది. పక్కాయన తీసిచ్చాడు. వాడి నోటికి పెట్టేసరికి నీళ్లు గడ్డం మీంచి కారిపోయాయి.

మా అత్త ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు. ఒకసారి మాత్రం, పప్పు ఏరుతూ, తనలో తను అనుకున్నట్టు "పేరు బయటపడింది కదా" అంది. ఇనాస్ మేడమ్ పరామర్శకి వచ్చి, నా చేయి పట్టుకుని ఏడుస్తూ "ఆ సోమవారమే చెప్పుంటే" అంది. తర్వాత నాలుక కరుచుకుంది. మా అత్త లెక్కలో నేను పేరు చెప్పాను. మేడమ్ లెక్కలో చెప్పలేదు. రెండూ నేను చేసినవే. ఏది వాణ్ణి తీసుకుపోయిందో అని ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటూ ఉంటాను. షాజ్లీ ఇప్పుడు ఫోన్ చేస్తే "తిన్నావా" అని మాత్రం అడుగుతాడు.

పోయిన వారం సంఘం ఆఫీసు నుంచి కబురొచ్చింది. జాబిర్ పేరున వచ్చిన డబ్బు అలాగే ఉంది. ఏ పేరున వచ్చింది ఆ పేరుకే కదా. వేరే బిడ్డకి మార్చాలంటే తల్లి సంతకం పెట్టాలి. డాక్టర్లు మళ్లీ వచ్చే రోజు దగ్గరపడింది. నేను ఒక్కదాన్నే వెళ్లాను.

మేడమ్ బల్ల ముందు అప్పటికే ఒకామె కూర్చుని ఉంది. నా ఈడుదే. తహ్తా వైపు మనిషని యాసలో తెలిసింది. ఒళ్లో బిడ్డ. పెదవులు నాకు తెలిసిన రంగులో ఉన్నాయి.

"ఈమేనమ్మా జాబిర్ వాళ్లమ్మ," అంది మేడమ్ నన్ను చూపించి. "ఈమె సంతకంతోనే మీ బిడ్డకి..."

ఆ మాట పూర్తికాలేదు. ఆమె ఒక్క ఉదుటున తన నల్ల ముసుగు అంచు లాగి బిడ్డ మొహం మీద కప్పేసింది. బిడ్డ కాళ్లు కూడా గౌను కిందికి తోసింది. ఆ తర్వాత తను చేసింది తనకే అర్థమై, మొహం ఎర్రబడి, "చలిగాలి..." అంది. కిటికీ అవతల ఎండ మండుతోంది.

బిడ్డల్ని పోగొట్టుకున్నదాని కన్ను అన్ని కళ్లలోకీ చెడ్డది. మా వైపు అది చంటిపిల్లకి కూడా తెలుసు. ఒకరు కాదు, ముగ్గుర్ని పోగొట్టుకున్నదాన్ని. నేనైనా అలాగే కప్పేదాన్ని. ఇంకా గట్టిగా కప్పేదాన్ని.

మేడమ్ కలం తీసుకుంది. "బిడ్డ పేరు?"

ఆమె చూపు నా మీద ఉందని తల ఎత్తకుండానే తెలిసింది.

"పేరమ్మా. కాగితంలో ఉన్న పేరే చెప్పాలి. వేరే పేరు వద్దు. నీ మేలు కోసమే చెప్తున్నాను."

"నేను బయట కూర్చుంటాను మేడమ్," అన్నాను.

"అదేంటి సబ్రీన్, నువ్వు ఉండాలిగా..."

"రాశాక పిలవండి."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆమె ఏదో అంది, చాలా చిన్న గొంతుతో. వినపడుతుందేమోనని ముసుగు అంచు చెవులకి అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి మేడమ్ తలుపు తీసి, అట్ట మీద పెట్టి కాగితం నా దగ్గరికే తెచ్చింది. పైన మా వాడి పేరు ఉంది. అది చదివాను. దాని కింద గీత, గీత కింద ఇంకో పేరు. దాని మొదటి అక్షరం కంటపడకముందే ఎడమ అరచేయి దాని మీద పెట్టి కప్పేశాను.

"ఎక్కడ పెట్టాలి మేడమ్?"

"నీ చేతికి కింద," అంది మేడమ్.

అక్కడ పెట్టాను. చేయి తీయకుండానే కాగితం బోర్లా తిప్పి ఆమెకి ఇచ్చాను. గది తలుపు వైపు తిరగకుండా మెట్లు దిగి వచ్చేశాను.